ఇంటి వస్తువులతో నేల శుభ్రపరిచే ద్రావణాలు: మొగల్తూరు వంటి తీర గ్రామాలకు తగిన తయారీ, వాడకం, జాగ్రత్తలు

తడిగుడ్డ పెట్టే బకెట్టు నీటిలో గుప్పెడు కల్లుప్పు వేస్తే గచ్చు మెరుస్తుందని, క్రిములు చస్తాయని చాలా ఇళ్ళలో నమ్ముతారు. ఎండ, పొడిగాలి ఉండే మెట్ట ప్రాంతంలో ఈ చిట్కా వల్ల పెద్ద మేలు జరగకపోయినా పెద్ద కీడూ జరగదు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని తీర గ్రామాల్లో పరిస్థితి వేరు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని తానే నీరవుతుంది. సముద్రపు గాలి వీచే పేరుపాలెం వంటి చోట్ల తేమ ఈ హద్దును తరచుగా దాటుతుంది. ఉప్పునీటితో తుడిచిన గచ్చు ఆరినట్లే ఆరి తిరిగి చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మకు దుమ్ము అంటుకొని నేల మునుపటి కంటే త్వరగా మాస్తుంది. గృహిణి మర్నాడు మరికొంచెం ఉప్పు వేస్తుంది.

ఒక చోట పనికివచ్చిన తయారీ మరొక చోట ఎందుకు విఫలమవుతుందో ఈ చిన్న ఉదాహరణ చెబుతోంది. ఇంట్లో దొరికే వస్తువులతో నేల శుభ్రపరిచే ద్రావణాలను తయారుచేసుకోవడం ఖర్చు తగ్గించే మంచి ప్రయత్నమే. స్వయం సహాయక సంఘాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, కళాశాల విద్యార్థులు దీనిని శిక్షణాంశంగా చేపట్టడం హర్షణీయం. అయితే ఆ ఇంటి నీరు, నేల రాయి, గాలిలోని తేమ, మురుగు చేరే చోటు తెలుసుకోకుండా తయారీ విధానాన్ని మాత్రమే నేర్పితే అది సగం విస్తరణే అవుతుంది. మిగిలిన సగాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

నేలపై పేరుకునేది ఏమిటి?

డెల్టా గ్రామాల ఇళ్ళలో నేల మీద కనిపించే మురికి మూడు రకాలు. మొదటిది చేలనుంచి, చెరువు గట్లనుంచి కాళ్ళకు అంటుకొని వచ్చే ఒండ్రు మన్ను. ఇది ఎండాక చీపురుకు చాలావరకు వచ్చేస్తుంది. రెండవది వంటింటి జిడ్డు. నూనె ఆవిరి, చేపలు, రొయ్యలు శుభ్రం చేసినప్పుడు పడే మాంసకృత్తులు, కొవ్వు కలిసి ఏర్పడే ఈ పొర ఉత్త నీటికి లొంగదు. మూడవది తెల్లని పొర. చాలామంది దీనిని కూడా మురికిగానే భావించి మందు మోతాదు పెంచుతుంటారు. నిజానికి ఇది నీటిలోనుంచి, నేల అడుగునుంచి వచ్చే లవణాల పొర.

ఈ తెల్లని పొరలోనూ రెండు తెగలున్నాయి. కఠిన జలంతో రోజూ తుడవడం వల్ల మిగిలే కాల్షియం కార్బొనేట్ ఒకటి. పునాది గుండా పైకి పాకే చెమ్మ తనతో తెచ్చిన లవణాలు గచ్చు మీద, గోడ అడుగున పొడిగా పొంగడం రెండవది. వీటిని వేరుచేయడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఆ పొడి మీద ఒక చుక్క మంచినీరు, పక్కనే ఒక చుక్క నిమ్మరసం వేయాలి. మంచినీటికే కరిగిపోతే అది నేలనుంచి పొంగిన ఉప్పు. నీటికి కరగక నిమ్మరసానికి నురగలు వస్తే కాల్షియం కార్బొనేట్ అని గుర్తించవచ్చు. పొంగిన ఉప్పును ముందుగా పొడిగానే కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చి ఎత్తివేయాలి. తడిపితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గచ్చులోకే ఇంకి, ఆరిన తరువాత తిరిగి పైకి వస్తుంది. ఏ ద్రావణమూ దీనికి విరుగుడు కాదు. చెమ్మను ఆపే పునాది మరమ్మతు ఒక్కటే శాశ్వత పరిష్కారం.

నీటి స్వభావం

మొగల్తూరు ప్రాంతం ఒకవైపు గోదావరి కాలువ నీటిని, మరొకవైపు సముద్రాన్ని ఆనుకొని ఉంది. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు కూడా ఇక్కడికి చేరువలోనే బంగాళాఖాతంలో కలుస్తుంది. కాలువ నీరు సాధారణంగా మెత్తన. తీరానికి దగ్గరగా ఉన్న బోర్ల నీటిలో లవణాలు, కాఠిన్యం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం పేర్కొంటోంది. ఇల్లు తుడిచే నీటికి అటువంటి పరిమితి లేదు కనుక ఎవరూ పరీక్షించరు.

కఠిన జలంలో సాధారణ సబ్బు కలిపితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. ఆ తెట్టే గచ్చుమీద జిగటగా మిగులుతుంది. కుంకుడు కాయలోని సాపోనిన్లు ఇలా తెట్టు కట్టవు. తరతరాలుగా బావినీటితో కూడా కుంకుడు రసం చక్కగా నురగ ఇవ్వడానికి కారణం ఇదే. కొబ్బరినూనె సబ్బుకూ ఇటువంటి ప్రత్యేకత ఉంది. ఉప్పునీటిలో సైతం నురగ ఇస్తుంది కనుక ఓడ ప్రయాణాలలో దానిని వాడేవారు. కొబ్బరి తోటల నడుమ ఉన్న ఈ ప్రాంతానికి ఇది గమనించదగిన విషయం. అయితే ఇంట్లో సబ్బు తయారీకి కాస్టిక్ సోడా కావాలి. చర్మాన్ని, కళ్ళను కాల్చే ఆ పదార్థాన్ని శిక్షణ లేనివారి చేతికి ఇవ్వరాదు. సిద్ధంగా దొరికే కొబ్బరినూనె సబ్బును తురిమి వాడుకోవడం మేలు.

నేల రాయిని గుర్తించడం

మన ఇళ్ళలో నాపరాయికి ఉన్నంత చోటు మరే రాతికీ లేదు. కడప బండ, బేతంచెర్ల బండ, షాబాదు బండ ఇవన్నీ సున్నపురాతి జాతికి చెందినవే. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. మొజాయిక్ గచ్చులో పాలరాతి పలుకులుంటాయి. సిమెంటు గచ్చులోనూ, ఎర్రరంగు కలిపిన పాత గచ్చులోనూ సున్నపు అంశం ఉంటుంది. వీటన్నిటినీ ఆమ్లం తింటుంది. నిమ్మరసం, వినెగర్, పులియబెట్టిన తొక్కల ద్రావణం ఆమ్లాలే. వీటితో రోజూ తుడిస్తే రాతి నునుపు పోయి గరుకుదేరుతుంది. గరుకు నేలలో మురికి మరింతగా ఇరుక్కుంటుంది. ఒకసారి పోయిన నునుపు తిరిగి రావాలంటే పాలిష్ యంత్రం పెట్టవలసిందే. సెరామిక్, విట్రిఫైడ్ టైల్సుకు పలుచని ఆమ్లం వల్ల ఈ ప్రమాదం లేదు. వాటి మధ్య సందులలో ఉండే సిమెంటుకు మాత్రం ఉంది.

ఇంటిలో మిగిలిన రాతి ముక్కపైన గాని, ఎవరికీ కనబడని మూలన గాని రెండు చుక్కల నిమ్మరసం వేసి చూస్తే సందేహం తీరుతుంది. నురగ వచ్చినా, ఆరిన తరువాత మచ్చ మిగిలినా ఆ నేలకు ఆమ్ల ద్రావణం పనికిరాదు.

తయారీ విధానాలు

1. కుంకుడు ద్రావణం: ఇది అన్ని రకాల నేలలకు, అన్ని రకాల నీటికి అనువైనది. గింజలు తీసిన కుంకుడు పెచ్చులు 100 గ్రాములు తీసుకొని ఒక లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టాలి. మరునాడు సన్నని సెగపై 15 నుంచి 20 నిమిషాలు మరిగించి, చల్లారాక చేతితో పిసికి పలుచని బట్టలో వడకట్టాలి. మరిగేటప్పుడు తరిగిన నీటిని కలిపి తిరిగి లీటరు చేయాలి. ఐదు లీటర్ల బకెట్టు నీటికి 100 మిల్లీలీటర్లు సరిపోతుంది. అంటే ఒకసారి చేసినది పది బకెట్లకు వస్తుంది. ఈ ద్రావణం త్వరగా పులిసి వాసన వేస్తుంది కనుక వారం రోజులకు సరిపడా మాత్రమే చేసుకోవడం ఉత్తమం. రంగు గోధుమవర్ణంలో ఉంటుంది కాబట్టి తెల్లని పాలరాతిపై వాడితే చివర మంచినీటితో ఒకసారి తుడవాలి. కంట్లో పడితే తీవ్రమైన మంట పుడుతుంది.

2. బట్టల సోడా ద్రావణం: వంటింటి జిడ్డుకు ఇది తగినది. ఐదు లీటర్ల గోరువెచ్చని నీటిలో 15 గ్రాములు, అంటే సుమారు ఒక పెద్ద చెంచా బట్టల సోడాను పూర్తిగా కరిగించాలి. క్షారగుణం వల్ల నూనె విడివడుతుంది. ఐదు నిమిషాలు ఉంచి, బ్రష్‌తో రుద్ది, మంచినీటితో తప్పక తుడవాలి. కఠిన జలంలో సోడా వేయగానే నీరు పాలవలె కలకబారితే కాల్షియం కార్బొనేట్ విడివడిందని అర్థం. అటువంటి నీటిని పది నిమిషాలు తేర్చి పైనీటినే వాడాలి. చేతులకు తొడుగులు ధరించాలి. తినే సోడా దీనికంటే చాలా సౌమ్యమైనది. మరకలపై చల్లి రుద్దడానికి పనికివస్తుంది గాని బకెట్టు నీటిలో కలిపితే దాని ప్రభావం స్వల్పమే.

3. నిమ్మ తొక్కల పులియబెట్టిన ద్రావణం: థాయ్‌లాండ్‌కు చెందిన రోసుకాన్ పూంపన్వాంగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ విధానం ‘బయో ఎంజైమ్’ పేరుతో మన రాష్ట్రంలోనూ వ్యాపించింది. నిష్పత్తి 1:3:10. బెల్లం 100 గ్రాములు, నిమ్మ, బత్తాయి లేదా నారింజ తొక్కలు 300 గ్రాములు, నీరు ఒక లీటరు. నాలుగవ వంతు ఖాళీ ఉండేలా ప్లాస్టిక్ డబ్బాలో నింపి మూత పెట్టాలి. మొదటి నెలలో రోజూ ఒకసారి మూత వదులుచేసి వాయువును విడిచిపెట్టాలి. గాజు సీసా వాడితే లోపలి ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది. మూడు నెలల తరువాత వడకట్టి, ఐదు లీటర్ల నీటికి 100 మిల్లీలీటర్ల చొప్పున వాడుకోవచ్చు. పేరులో ఎంజైమ్ ఉన్నా ఇందులో ప్రధానంగా పనిచేసేవి ఎసిటిక్, లాక్టిక్ వంటి సేంద్రియ ఆమ్లాలు, తొక్కలోని సుగంధ తైలం. కనుక ఇది విట్రిఫైడ్, సెరామిక్ టైల్సుకే పరిమితం. గడువుకు ముందే వాడితే మిగిలిన బెల్లం నేలపై జిగటగా అంటి చీమలను రప్పిస్తుంది.

4. వినెగర్ ద్రావణం: టైల్సుపై కఠిన జలం మిగిల్చిన తెల్లని పొరను తొలగించడానికి వారానికి ఒకసారి వాడవచ్చు. నాలుగు లీటర్ల నీటికి 100 మిల్లీలీటర్లు చాలు. ముదురు కొబ్బరికాయల నీటిని వృథాగా పారబోసే చోట, ఆ నీటికి సుమారు 10 శాతం వచ్చేలా చక్కెర చేర్చి, మొదట ఈస్టుతోనూ, తరువాత మాతృ వినెగర్‌తోనూ పులియబెట్టి 4 శాతం ఎసిటిక్ ఆమ్లం గల వినెగర్ తయారుచేయవచ్చు. ఇది మొదటగా ఆహార పదార్థం. అమ్మకానికి నిలవని భాగాన్ని శుభ్రతకు మళ్ళించుకోవచ్చు.

ప్రచారంలో ఉన్న పొరపాటు మిశ్రమాలు

వినెగర్‌ను, తినే సోడాను కలిపితే బుసబుస పొంగుతుంది. చూడడానికి ఆకర్షణీయంగా ఉండడం వల్ల ప్రదర్శనలలో దీనికి చప్పట్లు ఎక్కువ. వచ్చిన నురగ కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. ఆమ్లం, క్షారం ఒకదానినొకటి చంపుకొని చివరికి బకెట్టులో మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీరు. రెండు వస్తువుల ఖర్చు పెట్టి రెండింటి గుణాన్నీ పోగొట్టుకున్నట్లే.

పరిమళం కోసం కర్పూరం కలపడం మరొక అలవాటు. కొద్ది కర్పూరం కడుపులోకి వెళ్ళినా చిన్నపిల్లలకు మూర్ఛ రావచ్చు. నేలమీద పాకే పసివారున్న ఇంట దీనిని మానాలి. వాసన కావాలనుకుంటే కొన్ని చుక్కల నిమ్మగడ్డి నూనె చాలు. దానినీ పిల్లలకు అందకుండా ఉంచాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బ్లీచింగ్ పౌడరుతో గాని, బ్లీచ్ ద్రవంతో గాని ఆమ్లాన్ని కలపడం. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ అయినా, వినెగర్ అయినా, నిమ్మరసమైనా బ్లీచ్‌తో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలతో కలిస్తే క్లోరమిన్ వాయువులు పుడతాయి. తలుపులు మూసిన స్నానపుగదిలో ఇవి ప్రాణం తీయగలవు. ‘రెండూ మంచివే, కలిపితే ఇంకా మంచిది’ అనే భావనను శిక్షణ మొదటి గంటలోనే తొలగించాలి.

శుభ్రత వేరు, క్రిమి నిర్మూలన వేరు

మురికిని తొలగించడం ఒక పని. క్రిములను చంపడం మరొక పని. పైన చెప్పిన నాలుగు ద్రావణాలూ మొదటి పనికే. మురికితో పాటు క్రిములు కూడా చాలావరకు కొట్టుకుపోతాయి కనుక ఆరోగ్యవంతులున్న ఇంట రోజువారీ అవసరానికి ఇది చాలు. ఇంట్లో విరేచనాల రోగి ఉన్నా, వాంతి పడినా, వరదనీరు ఇంటిలో ప్రవేశించి వెళ్ళినా కుంకుడు, నిమ్మ తొక్కలను నమ్ముకోరాదు.

అటువంటి సందర్భంలో మొదట సబ్బునీటితో మురికిని పూర్తిగా కడగాలి. మట్టి, మలినం మిగిలి ఉంటే క్లోరిన్ వాటిపైనే ఖర్చయిపోతుంది. తరువాత 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు 15 గ్రాములను ఐదు లీటర్ల నీటిలో కలిపి, తేరిన పైనీటితో నేలను తడిపి, పది నిమిషాలు ఉంచి కడగాలి. ఇది 0.1 శాతం క్లోరిన్ ద్రావణం. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. తేమగాలికి బ్లీచింగ్ పౌడరు త్వరగా బలహీనమవుతుంది కనుక తీర గ్రామాల్లో మూత గట్టిగా ఉన్న డబ్బాలో నిల్వచేయడం తప్పనిసరి.

పేడతో అలికే ఆచారం గురించి విద్యార్థులు తరచుగా ప్రశ్నిస్తుంటారు. మట్టి అరుగుపై లేవే దుమ్మును అణచడంలో, పగుళ్ళను పూడ్చడంలో అలుకు చేసిన మేలు కాదనలేనిది. అయితే పేడలో ధనుర్వాత క్రిమి బీజాలు, పేగు వ్యాధుల క్రిములు ఉండవచ్చు. గాయాలున్నవారు, బాలింతలు, పసిబిడ్డలు ఉండే గదులలో పేడను క్రిమిసంహారిణిగా భావించడం సరికాదు.

కడిగిన నీరు ఎక్కడికి పోతుంది?

సహజమైనదంతా నిరపాయమనే అపోహకు జవాబు మొగల్తూరు పరిసరాల చెరువు గట్లమీదే ఉంది. చేప పిల్లలను వదలడానికి ముందు చెరువులోని కలుపు చేపలను తొలగించేందుకు రైతులు ఇప్పచెక్క వాడతారు. సిఫారసు హెక్టారుకు, మీటరు లోతు నీటికి 2,500 కిలోలు. రొయ్యల చెరువులలో టీ గింజల పిండి వాడతారు. ఈ రెండింటిలోనూ చేపలను చంపేది సాపోనినే. అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. రొయ్యలకు అంత హాని చేయదు. కుంకుడు నురగకు కారణమైనదీ ఆ జాతి పదార్థమే. ఒక బకెట్టు కుంకుడు నీరు పెద్ద చెరువును ఏమీ చేయలేకపోవచ్చు. పెరటిలోని చిన్న చేపల తొట్టె, ఇంటి పక్కన పిల్లల చెరువు అయితే నష్టం జరగవచ్చు. బ్లీచింగ్ నీటికైతే రొయ్యలు, చేపలు రెండూ లొంగుతాయి. కనుక నేల కడిగిన నీటిని చెరువులోకి, పంట బోదెలోకి వదలక ఇంకుడు గుంతకు మళ్ళించాలి. కుంకుడు, తొక్కల ద్రావణాలు కలిసిన పలుచని నీటిని కొబ్బరిచెట్టు పాదుకు దూరంగా, చుట్టూ చల్లినట్లు పోయవచ్చు. బట్టల సోడా నీటిని మాత్రం మొక్కలకు పోయరాదు. అసలే ఉప్పు బెడద ఉన్న నేలకు సోడియం తోడైతే చౌడు పెరుగుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

ఈ అంశాన్ని పద్ధతి ప్రదర్శనతో ముగించకుండా ఫలిత ప్రదర్శన వరకు తీసుకువెళ్ళాలి. కడప బండ, మొజాయిక్, సిమెంటు, విట్రిఫైడ్ ముక్కలను తీసుకొని, ఒకే కొలత నూనె, మన్ను పూసి, ఆ గ్రామపు బోరు నీటితోనూ, కాలువ నీటితోనూ వేరువేరుగా ద్రావణాలు కలిపి తుడవాలి. ప్రతి ప్రయోగాన్ని మూడుసార్లు చేయాలి. ఉత్త నీటితో తుడిచిన ముక్కను పోలిక కోసం తప్పక ఉంచాలి. ఏ ముక్క ఏ ద్రావణానిదో తెలియని గృహిణులచేత మార్కులు వేయించాలి. ఉత్త నీటికి, శ్రద్ధగా రుద్దడానికి దక్కవలసిన గౌరవాన్ని మనం తరచుగా ద్రావణానికి కట్టబెడుతున్నామని ఈ పోలికతో తెలియవచ్చు. ఉండి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్ళే విద్యార్థులు ఖర్చు లేకుండా చేయగల ప్రయోగమిది.

సంఘాలు ద్రావణాలను అమ్మకానికి తయారుచేసేటప్పుడు మూడు నియమాలు పాటించాలి. మొదటిది, సీసాపై తయారీ తేదీ, గడువు, వాడకూడని నేలల పేర్లు తెలుగులో ముద్రించాలి. ‘కడప బండకు, పాలరాతికి వాడరాదు’ అన్న ఒక్క వాక్యం సంఘం పేరును కాపాడుతుంది. రెండవది, ‘క్రిములను చంపును’ అని రాయరాదు. క్రిమిసంహారక ద్రవాలకు 1945 నాటి ఔషధ నియమావళిలో ప్రత్యేక ప్రమాణాలున్నాయి. పరీక్షలు లేకుండా ఆ మాట వాడితే చట్టపరమైన చిక్కు ఒకటి, రోగి ఉన్న ఇంటివారు ఆ మాట నమ్మి మోసపోవడం మరొకటి. మూడవది, కూల్‌డ్రింకు సీసాలలో గాని, తాగునీటి సీసాలలో గాని నింపరాదు. దాహంతో వచ్చిన బిడ్డకు చీటీ చదివే ఓపిక ఉండదు. పొరపాటున మింగినప్పుడు వాంతి చేయించకుండా, నోరు కడిగి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని, 108కి ఫోన్ చేయాలని ప్రతి శిక్షణలో చెప్పాలి.

ముగింపు

కుంకుడు, నిమ్మ తొక్క, సోడా, వినెగర్ మన ఇళ్ళకు కొత్తవి కావు. కొత్తగా కావలసింది ఏది ఎక్కడ వాడాలన్న వివేచన. నేలకు ఒక నిమ్మచుక్క, నీటికి ఒక సబ్బు నురగ పరీక్ష, కడిగిన నీటికి ఒక దారి, సీసాకు ఒక తెలుగు చీటీ, ఈ నాలుగూ చూసుకొన్న తరువాతే తయారీకి పూనుకోవాలి. మొగల్తూరులో గచ్చు చెమ్మగిల్లితే ఉప్పు పెంచమని చెప్పక, ముందుగా ఆ బకెట్టులోని ఉప్పును మాన్పించగలిగితే విస్తరణ కార్యకర్త ఆ ఇంటికి నిజమైన మేలు చేసినట్లే.